చివరి పద్యానికి వ్యవధి

ఒక రాజుకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. అన్నం ముందు వంటవాడు తినాలి. మంచం కింద ముందు కావలివాడు చూడాలి. మంత్రి మరీ వంగి నమస్కారం పెడితే ఒక అనుమానం, వంగకపోతే ఇంకో అనుమానం. రాజ్యమంతటిలో ఆయన నమ్మేది ఒకే ఒక్క మనిషిని. ఆ మనిషి ఆయన వేగువాడు.

వేగువాడు ముప్పై ఏళ్ళుగా సంతల్లో, రేవుల్లో, మంగలి అరుగుల మీద కూర్చుని విన్నది విన్నట్టు తెచ్చి రాజుకు చెప్పేవాడు. ఒక మాట కలిపేవాడు కాదు, ఒక మాట తగ్గించేవాడు కాదు. అందులో అతనికి ఎంతో గర్వం. తను చెప్పినదాని వల్ల ఎవరికి ఏమవుతుందన్నది తన పని కాదనుకునేవాడు.

మూడేళ్ళ కిందట ఆ రాజ్యపు ముసలి ధర్మాధికారి తన పెరట్లో భార్యతో, రాజుగారు పంపిన తీర్పు అన్యాయమనీ, దాని మీద ముద్ర వెయ్యననీ అన్నాడు. గోడ అవతల వేగువాడు ఉన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు రాజుకు చేరింది. ధర్మాధికారి చెరసాలకు వెళ్ళి నెల తిరక్కుండా పోయాడు. జ్వరంతో పోయాడని దండోరా వేయించారు. ఆ దండోరా విని జనం ఏమనుకుంటున్నారో కూడా వేగువాడు విని, అదీ చెప్పాడు.

అలాంటి ఊళ్ళోకి ఒక ఏడాది కోతలయ్యాక నాటకాలవాళ్ళు దిగారు. రేవు పక్కన పందిరి వేసి, రోజూ మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలవేళకు ముగించేవారు. ఆడింది కొత్త నాటకమేమీ కాదు, వాళ్ళ తాతలు ఆడినదే. అందులో ఒక న్యాయాధిపతిని అబద్ధపు తీర్పు మీద ముద్ర వెయ్యమంటారు. లేదా విషం తాగమంటారు. ఆయన ముద్రను నేలకేసి కొట్టి, విషం తాగి, నాలుగు పాదాల పద్యం ఒకటి పాడి పడిపోతాడు.

రాజుకు ఈ కథ తెలియగానే నిద్ర పట్టలేదు. ఈ నాటకాన్ని ఎవరు రప్పించారు, ఎందుకు రప్పించారు అని అడిగాడు. ఎవరూ రప్పించలేదని, ప్రతి ఏడూ ఏదో ఒక ఊరు తిరుగుతూ వచ్చేవాళ్ళేనని వేగువాడు చెప్పాడు. రాజు నమ్మలేదు. రోజూ వెళ్ళి కూర్చోమన్నాడు.

మొదటి రోజు విషం తాగే ఘట్టంలో ముగ్గురు ఏడ్చారని వేగువాడు వచ్చి చెప్పాడు. ఆ ముగ్గురినీ కోటకు పిలిపించి ఎందుకు ఏడ్చారో అడిగారు. మర్నాడు ఒక్కరూ ఏడవలేదు. అదీ చెప్పాడు.

"ఒక్కరూ ఏడవలేదా?" అన్నాడు రాజు. "అయితే ఆ కథ ఎవరిదో అందరికీ తెలిసిందన్నమాట."

జనం తెలివి తెచ్చుకున్నారు. ఏడవాల్సిన చోట దగ్గడం నేర్చుకున్నారు. దగ్గులు ఎక్కువయ్యేసరికి వాటికీ పిలుపులు వచ్చాయి. పదో రోజుకు పందిరి నిండా మనుషులున్నా, ఊపిరి చప్పుడు కూడా వినపడేది కాదు. పక్కవాడు తనను చూస్తున్నాడేమోనని ప్రతివాడూ పక్కవాణ్ని చూసేవాడు. నాటకాన్ని చూసింది వేగువాడొక్కడే. పద్యంలో ఎక్కడ గొంతు ఆగుతుందో, ఎక్కడ మద్దెల తగ్గుతుందో అతనికి కంఠతా వచ్చేసింది.

పన్నెండో రోజు పొద్దున రాజు అతన్ని ఒంటరిగా పిలిచాడు.

"ఆ నటుణ్ని చంపితే వాడు రెండో ధర్మాధికారి అవుతాడు," అన్నాడు. "చంపను. నువ్వు వెళ్ళి, ఇవాళ గిన్నెలో నిజంగానే విషం ఉంటుందని చెప్పు. బతకాలంటే నాటకం మార్చి ముద్ర వెయ్యమను. గిన్నెలో ఎప్పటిలా బెల్లం నీళ్ళే ఉంటాయి. ఆ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. వాడు ముద్ర వేస్తాడు. ఊరంతా చూస్తుంది. తర్వాత ధర్మాధికారి పేరెత్తితే జనానికి నవ్వొస్తుంది."

వేగువాడు వెళ్ళేసరికి నటుడు తెర వెనక అద్దం ముందు కూర్చుని ముఖానికి పచ్చని అర్దళం పూసుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. నాటకంలో ఆయనకు భార్యగా వేసేది ఇంట్లో భార్యే. ఆమె అవతల చీర కుచ్చెళ్ళు సర్దుకుంటోంది. వేగువాడు గొంతు తగ్గించి, రాజు చెప్పమన్నది చెప్పమన్నట్టే చెప్పాడు.

నటుడు అర్దళం పూయడం ఆపలేదు. ఒక చెంప పూర్తయ్యాక, "ఆ విషం ఎంతసేపటికి పనిచేస్తుందండీ?" అని అడిగాడు.

వేగువాడికి ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పి పంపలేదు. తెలియదన్నాడు.

"చివరి పద్యానికి వ్యవధి ఉంటుందా అని."

"ముద్ర వేస్తే పద్యంతో పని లేదు కదా," అన్నాడు వేగువాడు.

"ఇన్నాళ్ళూ ఇంతమంది ముందు తాగి, ఇవాళ ముద్ర వేశాననుకోండి. నేను రోజూ తాగింది బెల్లం నీళ్ళేనని వాళ్ళకి తెలిసిపోతుందండీ."

అది తెలియనివాళ్ళు ఎవరున్నారని వేగువాడు అడగబోయి ఆగిపోయాడు. నటుడి మాటను అతను నమ్మలేదు. ముప్పై ఏళ్ళలో అతను విన్న పెద్దమాటలన్నీ సంకెళ్ళు చూడగానే చిన్నవయ్యాయి. ఈ మనిషి పారిపోతాడనుకున్నాడు. లేదా గిన్నె మారుస్తాడనుకున్నాడు. మధ్యాహ్నమంతా తెర పక్కనే నిలబడి కాపు కాశాడు. నటుడు పారిపోలేదు. గిన్నె జోలికి పోలేదు. భార్యకు కూడా ఏమీ చెప్పలేదు. ఆమె తలలో పూలు ఒక పక్కకు జారితే సరిచేశాడు, అంతే.

ఆ రోజు రాజు కూడా వచ్చి చాటున కూర్చున్నాడు.

ఆ ఘట్టం వచ్చింది. భటుడి వేషం వేసినవాడు ఒక పళ్ళెంలో ముద్రను, ఇంకో పళ్ళెంలో గిన్నెను తెచ్చాడు. నటుడు ముద్రను చేతిలోకి తీసుకున్నాడు. వేగువాడు తెర పక్కనుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. తను ఎటు కోరుకుంటున్నాడో తనకే తెలియలేదు. నటుడు ముద్రను నేలకేసి కొట్టాడు. గిన్నె ఎత్తి, అడుగుదాకా తాగాడు.

తర్వాత పద్యం అందుకున్నాడు. ఎప్పుడూ సాగదీసి పాడే పద్యాన్ని ఆ రోజు పరుగున పాడాడు. మద్దెల వాయించేవాడు తత్తరపడి వెనకబడ్డాడు. రాగం తీయాల్సిన చోట తీయలేదు, ఆగాల్సిన చోట ఆగలేదు. నాలుగో పాదం చివరి అక్షరం పలికాక మాత్రం ముఖం తేటపడింది. అప్పుడు పడిపోయాడు.

జనానికి ఆ తొందర ఏమిటో తెలియలేదు. రాజు నాటకం చూడటం అదే మొదలు, ఆయనకూ తెలియలేదు. తెలిసింది వేగువాడికి. ఎక్కడ పద్యం మధ్యలో ప్రాణం పోతుందోనని ఆ మనిషి పరుగెత్తాడు.

తెర పడ్డాక తోటివాళ్ళు వచ్చి లేవమన్నారు. నటుడు లేవలేదు. కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. భార్య వచ్చి భుజం తట్టింది. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, తన చేతిని ముఖం ముందుకు తెచ్చుకుని, వేళ్ళు ముడిచి, విప్పి చూసుకున్నాడు. వేగువాడు మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు సభలో రాజు కళ్ళు వేగువాడి మీద నిలిచాయి.

"వాడు తాగాడు," అన్నాడు రాజు. "విషమని నమ్మి తాగాడా? లేక నువ్వు ముందే చెప్పావా?"

వేగువాడు రెండు జవాబులనూ చూసుకున్నాడు. నమ్మే తాగాడంటే అది నిజం. ఆ నిజం విన్నాక ఈ రాజు ఆ మనిషిని రాజ్యంలో ప్రాణాలతో ఉండనివ్వడు. విషానికి వెరవని మనిషి బతికి తిరుగుతున్నాడన్నది ఆయనకు మింగుడుపడదు. ఇదివరకు పెరటి గోడ అవతల విన్న నిజం ఏం చేసిందో వేగువాడు చూశాడు. ఇన్నాళ్ళూ అది తన పని కాదనుకున్నాడు.

"నేనే చెప్పాను ప్రభూ," అన్నాడు. "గిన్నెలో బెల్లం నీళ్ళేనని, భయపడకుండా తాగమని చెప్పాను."

రాజు నమ్మాడు. వేగువాడు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు గనకనే నమ్మాడు. ముప్పై ఏళ్ళ నిజాయితీ అంతా ఆ ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి పోయింది. రాజు ముందు కోపపడ్డాడు, వేగువాడికి సంకెళ్ళు వేయించాడు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వడం చూసి చాలా ఏళ్ళయిందని సభలో పెద్దవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

నటుణ్నీ ఆయన భార్యనూ పిలిపించారు. ఒక కాగితం రాయించారు. గిన్నెలో విషం లేదని తనకు ముందే తెలుసునని, తెలిసే తాగానని అందులో ఉంది. దాని కింద సంతకం పెడితే నాటకాలవాళ్ళు ఏరు దాటి పోవచ్చు.

నటుడు కాగితం చదివాడు. సభంతా ఆయన చేతుల వైపే చూసింది. అబద్ధపు తీర్పు ముందు ఆ చేతులు ఏం చేస్తాయో వాళ్ళు పన్నెండు రోజులుగా చూసినవాళ్ళే. నటుడు తల ఎత్తాడు. సభలో ఒక పక్కన నిలబెట్టిన వేగువాడి సంకెళ్ళను చూశాడు. తన కోసం చెప్పిన అబద్ధానికే అవి పడ్డాయని ఆయనకు మెల్లగా అర్థమైంది. కాదంటే తన మాట నిలుస్తుంది, ఆ మనిషి తల పోతుంది.

వేగువాడు ఆయనకు ఏ సైగా చెయ్యలేదు. సంతకం పెడతాడా అని అనుమానం. పెడితే తనను కాపాడటానికి పెడతాడా, ప్రాణం మీది తీపితో పెడతాడా అని ఇంకో అనుమానం. ఆ పాత అలవాటు అతన్ని ఆ క్షణంలో కూడా వదల్లేదు.

నటుడు కలం తీసుకుని సంతకం పెట్టాడు.

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. నటుడి భార్య పమిట ముఖం మీదికి లాక్కుంది. భర్త తనకు ఏమీ చెప్పలేదు గనక, ఆమెకు తెలిసింది ఆ కాగితంలో ఉన్నదే. ఏటి దాకా ఆమె ఆయనతో మాట్లాడకుండా నడిచిందని కావలివాళ్ళు చెప్పుకుంటుంటే వేగువాడు చెరసాలలో విన్నాడు. దండోరా ఊరూరా తిరిగింది. నాటకాలవాళ్ళు ఎక్కడ తెర ఎత్తినా గిన్నె పట్టుకునే చోట జనం నవ్వుతున్నారట. ఆయన మాత్రం ఒక్క పూట కూడా ఆ ఘట్టం వదలకుండా, అడుగుదాకా తాగి, పద్యం నింపాదిగా పాడుతున్నాడట.

రెండేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం రాజు చెరసాలకు వచ్చాడు. కావలివాళ్ళను దూరంగా పంపేశాడు. మనిషి చిక్కిపోయాడు. కటకటాల తలుపు తనే తీసి లోపలికి వచ్చి, వేగువాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నేను ఎవరినీ నమ్మలేకపోతున్నాను," అన్నాడు. "పోయేలోగా ఒక్క మనిషిని నమ్మాలని ఉంది. ఆ నాటకాలవాళ్ళను ఇప్పుడు ఏమీ చెయ్యను. నిన్నూ చెయ్యను. ఆ రోజు వాడు విషమని నమ్మే తాగాడు కదూ?"

వేగువాడు ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజమైనవో, తెచ్చుకున్నవో పోల్చుకోలేకపోయాడు. రాజు దప్పికతో అడుగుతున్నట్టూ ఉంది, వల వేస్తున్నట్టూ ఉంది. ఏటి అవతల ఎక్కడో ఒక పందిరి కింద ఇప్పుడు ముఖానికి అర్దళం పూసుకుంటూ ఉండే మనిషి గుర్తొచ్చాడు.

"చెప్పాను ప్రభూ," అన్నాడు. "బెల్లం నీళ్ళేనని నేనే చెప్పాను."

రాజు తల వంచుకున్నాడు. లేచేటప్పుడు గోడ ఆసరా తీసుకున్నాడు. బయటికి నడిచాడు. తలుపు వెయ్యలేదు. తాళం కింద పడేసి వెళ్ళాడు.

నడవలో కావలివాళ్ళు లేరు. ఎండ గుమ్మం దాకా వచ్చి పడింది. వేగువాడు ఆ తెరిచిన తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. మరిచిపోయి వదిలేశాడా, వెళ్ళిపొమ్మని వదిలేశాడా, వెళ్తాడో లేదో చూడటానికి వదిలేశాడా అని ఆలోచించాడు. ఎండ గుమ్మం మీది నుంచి గోడ మీదికి పోయింది. అతను లేచి, గుమ్మం దాకా వెళ్ళి, రెండు వైపులా తొంగి చూశాడు.

తర్వాత లోపలి నుంచే తలుపును దగ్గరగా లాక్కుని, తిరిగి తన చోటికి వచ్చి కూర్చున్నాడు.