నలభై చుక్కలు

"మాస్టారూ! బిగుసుకుపోవడం లేదు!"

ఇందుమతి పరుగున వచ్చింది. చేతిలో సెలైన్ చుక్కలను లెక్క ప్రకారం వదిలే పెట్టె. దాని ముఖాన అరచేతిలో సగముండే తెర.

"ఏటమ్మా ఆ పరుగు? కూర్చుని చెప్పు," అన్నారు తవిటయ్య మాస్టారు. గాజువాకలో, ఆ చిన్న షెడ్డులో ఆమెకు పని నేర్పుతున్నది ఆయనే.

ఇందుమతి నిలబడే చెప్పింది. పెట్టెకున్న మెమరీ తక్కువ. ఇన్నాళ్ళూ తెర మీదికి కొత్త పేజీ వచ్చినా పాతది లోపలే ఉండిపోయేది. పదిసార్లు మార్చేసరికి పెట్టె బిగుసుకుపోయేది. ఇప్పుడు కొత్తది వచ్చేముందే పాతదాన్ని ఆనవాలు లేకుండా తుడిచేస్తోంది.

"ఇక రెప్పపాటులో మారుతుంది. చూడండి!"

మాస్టారు నిమిషానికి నలభై చుక్కలని పెట్టారు. అలారం పేజీకి వెళ్ళారు. వెనక్కి వచ్చారు.

సున్నా.

"మళ్ళీ కొట్టుకుంటే సరి, మాస్టారూ. ఒక్క అంకే కదా!"

మాస్టారు గడియారం చూశారు. మూడింటికి ఆస్పత్రి నుంచి హెడ్ సిస్టర్ వస్తుంది. ఆమె సరేనంటేనే పెట్టె వార్డులోకి వెళ్తుంది. ఇందుమతికి అది ఎనిమిది నెలల పని.

ఆయన అట్టపెట్టె మూతలోంచి రెండు బొమ్మలు కత్తిరించారు. ఆయన తాతలు తోలుబొమ్మలాడించినవాళ్ళు. భుజం మీది తువ్వాలు గుమ్మానికి అడ్డంగా కట్టి, బయట ఎండలో కూర్చున్నారు.

తువ్వాలు మీద ఒక నీడ పడింది. "నేను నర్సమ్మను. ఏడో మంచం, నలభై చుక్కలు."

అది పోయింది. రెండోది గెంతుతూ వచ్చింది. "గంట మోగుతోందహో! గంట!"

ఇందుమతి పకపకా నవ్వింది. నర్సమ్మ తిరిగొచ్చింది.

"అమ్మాయ్, నావి ఎన్ని చుక్కలు?"

"నన్నడుగుతుందేంటి మాస్టారూ?"

"పాపం, వెళ్ళొచ్చింది కదా. మరిచిపోయింది."

"అట్టముక్క, దానికేం గుర్తుంటుంది! ఆడించేవాళ్ళకి గుర్తుండాలి గానీ..."

మాట సగంలో ఆగింది.

బొమ్మ కదలకుండా నిలబడింది. ఇందుమతి అప్పటికే బల్ల దగ్గరికి పరిగెత్తింది, అంకెను పేజీలో కాక పేజీలను ఆడించే ప్రోగ్రాంలో దాచడానికి.

మూడింటికి హెడ్ సిస్టర్ ఎస్తేరు నలభై పెట్టింది. అలారం నొక్కింది. వెనక్కి వచ్చింది. నలభై. నమ్మకం కుదరక డజనుసార్లు అటూ ఇటూ తిప్పింది. నలభై.

"ఈ తెరకు బాగానే గుర్తుందే!"

"తెరకేం తెలుసు సిస్టర్," అంది ఇందుమతి.

మాస్టారు తువ్వాలు విప్పి, దులిపి, భుజాన వేసుకున్నారు.