గుహ చెప్పిన ఇరవై ఏడు రాళ్లు

ఊబికి ఈవల అడవి బడి, ఆవల నల్లగుహ. గట్టున నిలబడి ఏది అడిగినా గుహ జవాబు చెబుతుంది, అదీ అడిగినవాళ్ల గొంతుతోనే. 'తెలియదు' అన్న మాట మాత్రం దానికి రాదు. పిల్లలు పుస్తకాలు పక్కన పడేసి గుహనే అడుగుతుంటే తాబేలు పంతులు కొత్త నియమం పెట్టాడు.

"అడగండి, వద్దనను. కానీ అడిగామని పలక మీద రాయాలి. అది చెప్పింది వెళ్లి సరిచూడాలి. ఎవరి జవాబు మీద వాళ్లే ముందు నడవాలి."

ఆ వారం లెక్క: ఊబిలో కాలు మోపడానికి రాళ్లెన్ని ఉన్నాయి? సరిగ్గా చెప్పినవాళ్లే బడికి లీడరు.

నక్కకు లీడరు కావాలని మహా ఆశ. బురదలో దిగాలంటే మాత్రం ఒళ్లు బరువు. గట్టున నిలబడే గుహను అడిగింది.

"ఇరవై ఏడు," అంది గుహ, అచ్చం నక్క గొంతుతో.

అది పలక మీద రాసుకుంటుంటే ముంగిస బురద కాళ్లతో వచ్చింది. "నాకూ ఇరవై ఏడనే చెప్పింది నక్కన్నా. వెళ్లి చూస్తే ఇరవై మూడే. చివరి నాలుగూ మొన్నటి వానకి కుంగిపోయినట్టున్నాయి."

"నీకు లెక్కలెప్పుడొచ్చాయే?" నక్క నవ్వింది. "భయంతో నాలుగు మర్చిపోయుంటావు."

"గుహ మాట, నా లెక్క, రెండూ రాశాను. పంతులుగారే చూసుకుంటారు."

మర్నాడు పొద్దున్నే పొగమంచు కమ్మింది. పంతులు నక్క పలక చూశాడు. "గుహను అడిగావా?"

"లేదండీ. నేనే లెక్కపెట్టాను."

"ఎన్నో రాయి ఊగుతుంది?"

"ఏదీ ఊగలేదండీ."

నిన్న లెక్కపెడుతూ ఏడో రాయి ఊగి పడబోయిన ముంగిస తల దించుకుంది. పంతులు నక్క నడుముకి తీగ కట్టి, కొస గట్టునున్న ఎద్దు చేతికిచ్చాడు. "నీ లెక్క మీద నువ్వే పద."

ఏడో రాయి కాలి కింద ఊగింది. ఇప్పుడైనా వెనక్కి తిరిగి నిజం చెప్పొచ్చు. కానీ బడంతా గట్టున నిలబడి చూస్తోంది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు. ముందు మంచు తప్ప ఏమీ లేదు.

"రాయి ఇక్కడే ఉంది. దూకు," మంచులోంచి పిలిచిందెవరో. అది తన గొంతే.

దూకింది. బురద మెడ దాకా వచ్చింది. అరవబోయేలోపే మళ్లీ అదే గొంతు, నెమ్మదిగా, ప్రేమగా: "ఇంకా మూడే."

తీగ బిగిసింది. ఎద్దు లాగి గట్టున పడేసింది. వణుకుతూనే నక్క పలక తుడిచి ఇరవై మూడు రాసింది. దాని కింద 'మొదటి జవాబు గుహది, నేను చూడలేదు' అని కూడా రాసింది. పంతులు చదివి తలూపి, లీడరు బిళ్ల ముంగిస మెడలో వేశాడు.

ఆవల గుహలో, ఎవరూ అడక్కుండానే, నక్క గొంతు ఇంకా లెక్కపెడుతూనే ఉంది: "ఇరవై నాలుగు... ఇరవై ఐదు..."

నీతి: ఎవరిని అడిగి తెచ్చుకున్న జవాబైనా, అడిగానని చెప్పి, సరిచూసుకున్నాకే దాని మీద కాలు మోపాలి.