మూడు గీతల నక్క

ఇప్పలకొండ మీద ఒక ఊట ఉంది. అందులో పుట్టిన నీరే ఇప్పలవాగు. కొండ దిగి, రేవు దాటి, అడుగున మడుగులో చేరుతుంది. ఆ అడవిలో గొంతు తడుపుకునే ప్రతి జీవికీ అదే నీరు.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఆ మడుగు వారం రోజుల్లో ఎండిపోయింది. చేపలు చచ్చాయి. పైన ఏం జరిగిందో కిందివాటికి తెలియలేదు, కింద ఏం జరుగుతోందో పైవాటికి పట్టలేదు. అంతా అయిపోయాక "ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది" అని అన్నీ తలలూపాయి. ఆ చెప్పేది ఎవరో మాత్రం ఏదీ అనలేదు.

మడుగులో ఉండే తాబేలవ్వకి ఒళ్ళు మండింది. ఆ వానాకాలమే వాగులో మూడు చోట్ల బండలు నిలబెట్టించింది. ఊట దగ్గర పైబండ, రేవులో నడిబండ, మడుగులో కిందిబండ. ఏదుపంది తన పళ్ళతో వాటి మీద అడ్డంగా గీతలు గీకింది. లోతును బట్టి కిందిబండకి ఏడు, నడిబండకి ఆరు, పైబండకి అయిదు. రోజూ ఎవరి బండను వాళ్ళు చూసి, ఎన్ని గీతలు నీటిలో మునిగి ఉన్నాయో సాయంత్రం రేవు పక్కన మద్దిచెట్టు కింద చెప్పాలి. తాబేలవ్వ అన్ని గులకరాళ్ళు ఏరి వరసలో పేర్చి పెడుతుంది. జీతం లేదు, బత్తెం లేదు. మనసున్నవాళ్ళే చెయ్యాలి.

కిందిబండ నీటికుక్క చూసేది. నడిబండ అడవిదున్న చూసేది. పైబండ ఒక ముసలి కణుజు దుప్పి చూసేది. ఈ ఏడు ఎండలు మొదలయ్యేసరికి కణుజుకి మోకాళ్ళు పట్టేశాయి. "ఇవాళ మూడు గీతలు. రేపటి నుంచి నేను కొండెక్కలేను, మన్నించండి" అని తప్పుకుంది.

"నేనున్నానుగా" అంది నక్క.

అన్నీ దానివైపు చూశాయి. కాలికి తడి తగిలితే అరగంట దులుపుకునే నక్క అది. అంతవరకు ఏ బండ దగ్గరికీ వెళ్ళిన పాపాన పోలేదు.

"జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదట" అని ఏదుపంది గొణిగింది.

"నలుగురి మేలు కోసం ముందుకొస్తే ఇదా మర్యాద!" నక్క ముఖం ముడుచుకుంది. "అవ్వా, నువ్వే చెప్పు. నేనేమైనా కూలి అడిగానా?"

కొండెక్కడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. తాబేలవ్వ సరేనంది.

మర్నాడు నక్క సగం కొండ ఎక్కింది. అక్కడ అడవిపందులు గడ్డల కోసం నేల తవ్వుతున్నాయి. తవ్విన చోటల్లా కలుగుల్లోంచి ఎలుకలు బయటికి ఉరుకుతున్నాయి. నక్క కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఒంటినిండా ఆ బురదేమిటి మావా?" అని పెద్దపందిని అడిగింది.

"పైన ఊటలోది. ఎండ తట్టుకోలేక రోజూ కాసేపు పొర్లి వస్తున్నాం. వాగు కాపలావాళ్ళు ఏమైనా అంటారంటావా?"

"కాపలా ఇప్పుడు నాదే. మీరు పొర్లండి, నేను చూడలేదు. మీరు తవ్వుకోండి, బయటికొచ్చే ఎలుకలు మాత్రం నావి."

"అంతేనా! కానియ్" అంది పెద్దపంది.

కంచే చేను మేస్తే ఇక అడ్డేముంది? నక్క రోజూ సగం కొండ ఎక్కేది, కడుపు నింపుకునేది, నీడలో ఒక కునుకు తీసి దిగి వచ్చేది. ఊట ముఖం ఒక్కసారీ చూడలేదు. సాయంత్రం తాబేలవ్వ "పైబండ?" అనగానే మూతి తుడుచుకుని "మూడు" అనేది. కణుజు పోతూ పోతూ చెప్పిన మూడు అది. దానికి అంతకుమించి తెలియదు.

ఇరవై రోజులు గడిచాయి. మడుగులో నీళ్ళు తగ్గసాగాయి. కిందిబండ మీద అయిదున్నది నాలుగైంది, నాలుగున్నది మూడైంది.

నీటికుక్కకి తిండి సహించడం లేదు. దాని బొరియలో కళ్ళు తెరవని పిల్లలు మూడున్నాయి. ఆ బొరియ మూతి నీటి అడుగున, కిందిబండ మీద కింది నుంచి రెండో గీతకి సరిగ్గా సమానంగా ఉంది. రెండో గీత బయటపడిందంటే మూతి బయటపడినట్టే. ఆపైన దారినపోయే ప్రతి పంటికీ అది తెరిచిన తలుపు.

"పిల్లలు కులాసానా వదినా? ఈతకి ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది?" అని నక్క రోజూ మర్యాదగా అడిగేది.

"ఇంకో నెలైనా కావాలి" అంది నీటికుక్క ఒక సాయంత్రం మద్దిచెట్టు కింద. "అది కాదు బావా, నాకు అర్థం కాక అడుగుతున్నా. పైన మూడుకి మూడు ఉంటే, కిందికొచ్చేసరికి నీళ్ళు ఎటు పోతున్నాయి?"

 నక్క నేలను కాలితో కాసేపు గీరింది.

"ఒకరి మీద చెప్పడం నా అలవాటు కాదు. పై లెక్క సరిగ్గా ఉంది, కింది లెక్క తగ్గింది. మధ్యలో ఎవరుంటారో, ఎవరి పొట్ట ఎంతుంటుందో నేను చెప్పాలా?"

అందరి చూపులూ దున్న మీద పడ్డాయి.

"నేనా?" అంది దున్న. దానికి మాటలు తొందరగా రావు. "నేను ఎప్పుడూ తాగేదే తాగుతున్నాను. నడిబండ మీద తగ్గుతోందని రోజూ నేనే చెబుతున్నాను కదా!"

"నువ్వు తాగి, నువ్వే తగ్గిందని చెబితే ఎట్లా అన్నా? నా పిల్లల ప్రాణాలు పోయేలా ఉన్నాయి!" నీటికుక్క ఏడ్చేసింది.

దున్న వాగు నుంచి ముఖం తిప్పుకుంది. "సరే. ఈ రోజు నుంచి ఈ వాగులో మూతి పెట్టను. అప్పుడైనా తెలుస్తుంది" అంది.

అన్నట్టే రెండు గుట్టల అవతల ఎక్కడో బురదగుంట వెతుక్కుంది. అందులో మూతి తడవడమే గాని దాహం తీరేది కాదు. అయినా రోజూ రేవుకి వచ్చి, మోకాలి లోతు నీటిలో నిలబడి, ఒక్క గుక్క తాగకుండా గీతలు చూసి వెళ్ళేది. తనకే చేటని తెలిసీ ఉన్నదున్నట్టే చెప్పింది. నాలుగు. తరవాత మూడున్నర. మధ్యలో ఒక మధ్యాహ్నం కొండ మీద వడగళ్ళ వాన పడితే ఆ రోజు నాలుగున్నర. మళ్ళీ మూడున్నర, మూడు. బురదగుంటలోని మడ్డినీళ్ళు పడక దాని గొంతు బొంగురుపోయింది.

ఆరో నాటి సాయంత్రం నీటికుక్క పరుగున వచ్చింది.

"నీళ్ళు రెండో గీత దాకా దిగిపోయాయి! రేపో ఎల్లుండో బొరియ మూతి బయటపడుతుంది. దున్న దొంగచాటుగా తాగుతోంది. ఇక ఒప్పుకోను. ఇది ఈ అడవి విడిచిపెట్టి పోవాల్సిందే!"

"నాకూ బాధగానే ఉంది. కానీ నలుగురి మంచి చూడాలి కదా" అని నక్క నిట్టూర్చింది.

  "రేపు పోతాను" అన్నట్టు దున్న తల ఊపింది.

తాబేలవ్వ ఈ గొడవలో కలగజేసుకోలేదు. మెడ చాచి తన గులకరాళ్ళ వరసల వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. కింది వరస పెరిగింది, తగ్గింది. నడి వరస పెరిగింది, తగ్గింది. వడగళ్ళ వాన నాడు రెండూ ఎగిశాయి. పై వరస మాత్రం మూడు, మూడు, మూడు. కొండ మీద పడిన వాన రేవుకి తెలిసింది, మడుగుకి తెలిసింది, కొండ మీదున్న బండకి తెలియలేదు!

తాబేలవ్వకి తన మీద తనకే కోపం వచ్చింది. మూడనగానే మూడు రాళ్ళు పెట్టిందే గాని, ఒక వరసని ఇంకో వరసతో పోల్చి చూసింది లేదు. మంచి మాట చెప్పినవాణ్ణి ఎవరూ ఎదురు ప్రశ్న అడగరు, ఎంత పెద్దవాళ్ళైనా అంతే.

"రేపు పొద్దెక్కాక అందరం పైకి వెళ్దాం. పైబండని నేనూ ఒకసారి చూడాలి" అంది.

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఈ వయసులో ఆ ఎక్కుడెందుకవ్వా? నేను చూస్తూనే ఉన్నానుగా!"

"నేనెక్కడెక్కుతాను? దున్న మోస్తుంది. ఏమయ్యా, పోయేముందు అవ్వకి ఆ ఒక్క సాయం చేసి పోతావా?"

"చేస్తాను" అంది దున్న.

మర్నాడు తెల్లవారకముందే నక్క ఊట దగ్గర ఉంది. ఆ చోటు చూడడం దానికి అదే మొదలు. పందులు పొర్లి పొర్లి ఊట గట్టు తెగిపోయింది. నీళ్ళు సగం బురదగుంటలో నిలిచాయి, సగం అవతలి లోయలోకి కారిపోతున్నాయి. వాగులోకి దారమంత ధార దిగుతోంది. బండ మాత్రం ఎక్కడా లేదు.

"మావా, ఇక్కడ ఒక బండ ఉండాలి! ఏది?"

"బండా? మేమేం చూడలేదే" అంది పెద్దపంది, బురదలో అటు నుంచి ఇటు దొర్లుతూ.

కింద అడుగుల చప్పుడు మొదలైంది. నక్క ఒక పలకరాయిని ఈడ్చుకొచ్చి ధారలో నిలబెట్టింది. పలుగురాయి దొరకబుచ్చుకుని గబగబా గీతలు గీసింది. ఎన్ని గీయాలి? నెల నుంచి చెబుతున్నది మూడేగా, మూడు గీసింది. చుట్టూ మట్టి ఎగదోసి నీళ్ళు మూడో గీత దాకా నిలిచేట్టు చేసింది. అబద్ధమైనా నీటుగా ఉండాలని కాబోలు, గీతలు మాత్రం తిన్నగా వచ్చాయి.

దున్న వీపు మీద తాబేలవ్వ, వెనక నీటికుక్క, ఏదుపంది వచ్చాయి. నక్క ఎదురు పరిగెత్తింది.

"ఘోరం జరిగిపోయిందవ్వా! రాత్రికి రాత్రి పందులు గట్టు తెంపేశాయి. నేనిప్పుడే చూసి మీకే చెబుదామని బయల్దేరాను. బండని మాత్రం కాపాడాను. చూడండి, ఇంకా మూడే!"

తెగిన గట్టు చూసి నీటికుక్క గొల్లుమంది. తాబేలవ్వ మాత్రం "ఏదుపందీ, బండ చూడు" అంది.

ఏదుపంది పలకరాయి చుట్టూ తిరిగింది. వాసన చూసింది.

"గీతలు మూడే ఉన్నాయే?"

"మూడే కదా మరి! రోజూ చెబుతున్నది అదే!" అంది నక్క.

"మునిగినవి మూడు కావచ్చు బావా. బండ మీద నేను గీకినవి అయిదు. మిగతా రెండూ ఏవి?"

నక్క పలకరాయి వైపు తొంగి చూసింది. "అవా... అవి పైవి కదా. ఎండకి అరిగిపోయాయి."

"రెండేళ్ళ గీతలు అరిగిపోతే, రాతిపొడి ఇంకా తెల్లగా అంటుకుని ఉందేం?"

ఇంతలో దున్న బురదగుంటలో కాలు పెట్టింది. గిట్టకి ఏదో గట్టిగా తగిలింది. కొమ్ములు దూర్చి ఒక్క ఊపున పైకెత్తింది. బురద జారిపోయాక అయిదు గీతలు కనిపించాయి.

"అదా!" అంది పెద్దపంది. "దాన్నా బండంటావు? నెల రోజుల నుంచి నేను వీపు గోక్కునే రాయి కదా అది! ఊటలో పొర్లవచ్చా అని మొదటిరోజే అడిగాను. కాపలా నాదే, పొర్లండి, ఎలుకలు మాత్రం నాకొదలండి అన్నాడు నక్కన్న. ఏం, చెప్పలేదా మీకు?"

నక్క దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది.

నీటికుక్క దాని వైపు చూడలేదు. దున్న ఎదుటికి వెళ్ళి తను తలవంచింది. "అన్నా, కళ్ళుండీ గుడ్డిదాన్నయ్యాను. నిన్ను అడవి నుంచే పొమ్మన్నాను. ఏమని క్షమించమని అడగను?"

"అవన్నీ తరవాత తల్లీ," అంది దున్న బొంగురు గొంతుతో, "ముందు నన్ను కాసిని నీళ్ళు తాగనివ్వండి."

ఊట మొదట్లో తేరిన నీటిలో మూతి పెట్టింది. కడుపు నిండేదాకా తాగింది.

ఆ తరవాత పని మొదలైంది. మడుగు దిగువన నీడపట్టున ఒక గుంట చూపిస్తామంటే పందులు సంతోషంగా ఒప్పుకున్నాయి. తవ్వడమే గాక పూడ్చడం కూడా వచ్చని ఆ రోజే తెలిసింది వాటికి. దున్న రాళ్ళు దొర్లించింది, పందులు మట్టి తోశాయి. మధ్యాహ్నానికి గట్టు నిలిచింది. సాయంత్రానికి కిందిబండ మీద రెండో గీత మళ్ళీ మునిగింది. నీటికుక్క బొరియలోకి వెళ్ళి పిల్లల పక్కన పడుకుని నెల రోజుల నిద్ర పోయింది.

నక్కని తరిమెయ్యాలని ఏదుపంది పట్టుబట్టింది. తాబేలవ్వ ఒప్పుకోలేదు.

"పైబండ కాపలా దానిదే. కాకపోతే ఇకనుంచి నోటి మాట వద్దు. బండ పక్కన నీటిలో నిలబడి రావాలి. కాళ్ళ మీద తడి ఎంతవరకు ఉందో చూసి నేనే రాళ్ళు పేరుస్తాను."

"దారిలో ఆరిపోతేనో?" అంది నక్క ఏడుపు గొంతుతో.

"మళ్ళీ వెళ్ళు" అంది తాబేలవ్వ.

పందులు కిందికి దిగిపోయాక ఆ కొండ మీద ఎలుకలూ బయటికి రావు. ఇప్పటికీ రోజూ సాయంత్రం మద్దిచెట్టు కిందికి ఖాళీ కడుపుతో, తడికాళ్ళతో ఒక నక్క వస్తుంది. అది నోరు తెరవకముందే అందరూ దాని కాళ్ళు చూస్తారు.

చూడకుండా చెప్పిన మంచి కబురు నీళ్ళను ఎండగడుతుంది. చూసి చెప్పిన చెడ్డ కబురే వాగును నిలబెడుతుంది.