మోకాలి ఎత్తున కొవ్వొత్తి

బ్రదర్ నెవియోకి ఒకటే బెంగ. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ తనని మెచ్చుకుంటున్నారు. గురువు ఒక్కడే మెచ్చుకోవడం లేదు.

ఇటలీలో, టస్కనీ కొండల మీద, ద్రాక్షతోటల నడుమ ఉంది వాళ్ళ మఠం. ఏడాది పొడుగునా బస్సుల్లో యాత్రికులు వస్తారు. వాళ్ళకి ముందు తోట చూపిస్తారు. తర్వాత చర్చిలోని పాత గోడబొమ్మలు. ఆ తర్వాత తోటకి అవతల, ఒకప్పటి ప్రభువులు కట్టుకున్న విల్లా. ఆఖరున నేలమాళిగ. అక్కడ పెద్ద పెద్ద తొట్లలో ద్రాక్షరసం పులుస్తూ ఉంటుంది, పీపాల్లో పాత వైన్ ఊరుతూ ఉంటుంది. పైకొచ్చాక తలా ఒక గ్లాసు పోసి సాగనంపుతారు.

ఎన్నో ఏళ్ళుగా ఈ పని నెవియో గురువు ఫాదర్ సిల్వానోది. ఆయనకి మాట పొదుపు. యాత్రికుల్ని గోడబొమ్మ ముందు నిలబెట్టి, "చూడండి" అంటాడు. అంతే. చూసినవాడు చూశాడు, చూడనివాడు గడియారం చూసుకున్నాడు.

నెవియో అలా కాదు. రోమ్‌లో చిత్రకళ చదువుకుని వచ్చి మఠంలో చేరినవాడు. నోరు విప్పాడంటే జనం కదలరు. గోడ మీది దేవదూత రెక్కకి ఆ నీలం ఎక్కడి నుంచి వచ్చిందో, విల్లాలో ఏ ప్రభువు భార్య ఏ కిటికీలోంచి ఎవరి కోసం ఎదురుచూసేదో కళ్ళకి కట్టినట్టు చెబుతాడు. అందులో సగం పుస్తకాల్లోది, సగం అతని సొంతం. సన్యాసి అంగీకి కాలర్ ఉండదు గానీ, ఉంటే ఎగరేసేవాడే.

గురువు అతనికి చర్చి అప్పగించాడు. విల్లా అప్పగించాడు. నేలమాళిగ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

"అదొక్కటీ ఎందుకు ఫాదర్?" అని నెవియో ఉండబట్టలేక అడిగాడు.

"అక్కడ మాట్లాడటానికి ఏముంది నాయనా," అన్నాడు ఫాదర్ సిల్వానో.

ద్రాక్ష కోతల కాలంలో ఆ మాళిగకి ఒక ఆచారం ఉంది. కొత్త రసం పులిసేటప్పుడు అందులోంచి ఒక గాలి పుడుతుంది. దానికి రంగు లేదు. పైకి లేవదు. నేలని పట్టుకుని నీళ్ళలా నిండుతుంది. అందులో దీపం వెలగదు, మనిషి బతకడు. అందుకని ఆ రోజుల్లో ముందు దిగేవాడు కొవ్వొత్తిని మోకాలి ఎత్తున పట్టుకుని దిగాలి. అది ఆరిపోయిందా, వెనక్కి తిరగాలి. తలుపులు బార్లా తెరిచి గాలి మారేదాకా ఆగాలి. మాళిగలోకి కరెంటు బల్బు వచ్చినా ఈ ఆచారం పోలేదు.

ఫాదర్ సిల్వానో నడుం వంచి, కొవ్వొత్తి మోకాలి దగ్గర పట్టుకుని, ముందు తనొక్కడే అడుగుదాకా దిగేవాడు. నాలుగు మూలలూ తిరిగి పైకొచ్చి, "రండి" అనేవాడు. పారేసుకున్న ఉంగరం వెతుక్కుంటున్నట్టు ఉండేది ముసలాయన వాలకం. యాత్రికులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. వెనకాల నిలబడ్డ నెవియోకి తల కొట్టేసినట్టయ్యేది.

ఆ ఏడాది కోతలు మొదలయ్యేసరికి ఫాదర్ మోకాళ్ళు మొరాయించాయి. మెట్లు దిగడం గగనమైపోయింది.

"ఈ కోతలకి మాళిగ కూడా నువ్వే చూపించు నాయనా. నేను పై మెట్టు మీద కూచుంటాను," అన్నాడు. "కొవ్వొత్తి ఎలా పట్టుకోవాలో తెలుసుగా?"

"తెలుసు ఫాదర్."

నిజంగానే తెలుసు. ఈ కథలో దారుణం అదే.

మాళిగ అడుగున గోడలో ఒక చిన్న పలకరాయి ఉంది. దాని మీద రెండు పేర్లు. బెర్తో, జిల్దో. ఇద్దరూ అన్నదమ్ములు, తోటలో కూలీలు. చాలా ఏళ్ళ కిందట ఒకే రోజు ఆ మాళిగలో పోయారు. యాత్రికులు ఆ రాయి చూసి వీళ్ళెవరని అడుగుతారు. నెవియో ఆ రెండు పేర్ల చుట్టూ ఒక కథ అల్లాడు. అన్నదమ్ములిద్దరూ వైన్ తాగడానికి దొంగచాటుగా దిగారట. తాగి తాగి తొట్టి పక్కనే ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారట. తెల్లారి చూస్తే ప్రాణాలు లేవు గానీ మొహాల్లో నవ్వు ఉందట.

"ఇంతకన్నా సుఖమైన చావు మీలో ఎవరికైనా రాసిపెట్టి ఉందా?" అని ముగించేవాడు. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఆ నవ్వులు పై మెట్టు దాకా వినిపించాయి. సాయంత్రం ఫాదర్ అడిగాడు.

"ఆ అన్నదమ్ములు నవ్వారని నీకెవరు చెప్పారు నాయనా?"

"ఎవరూ చెప్పలేదు ఫాదర్. జనానికి నచ్చుతోంది."

ఫాదర్ ఇంకేమీ అనలేదు. నెవియో ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాడు. మర్నాటి నుంచి కథకి ఇంకొంచెం నగిషీ చెక్కాడు. కథ మొదలుపెట్టే ముందు బల్బు ఆర్పేసేవాడు. కొవ్వొత్తిని గడ్డం దగ్గరికి ఎత్తి పట్టుకునేవాడు. చీకట్లో అతని మొహం ఒక్కటే, చర్చి గోడ మీది బొమ్మలా, వెలిగేది. జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. ఆ చూపులు అతనికి ఏ వైన్ కన్నా ఎక్కువ మత్తుగా ఉండేవి.

మోకాలి ఎత్తున పట్టుకుని దిగడం మానలేదు. రోజూ పొద్దున్నే ఒకసారి ఆ తతంగం కానిచ్చేసేవాడు. పొద్దున్న వెలిగిన దీపం సాయంత్రం దాకా సాక్ష్యం చెబుతుందని అతని ధీమా.

ఆ రోజు ఎండ మండిపోయింది. తొట్లలో రసం మధ్యాహ్నానికల్లా బుడగలు కక్కుతూ తెర్లడం మొదలుపెట్టింది. బస్సు వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

వచ్చినవాళ్ళలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారు. అక్క పేరు ఉర్సులా. డెబ్బై దాటిన మనిషి. చెల్లెలు ఆమెని చెయ్యి పట్టి నడిపిస్తోంది. చర్చిలో నెవియో దేవదూత రెక్కల గురించి చెబుతుంటే ఉర్సులా వంగి చెప్పు సర్దుకుంది. విల్లాలో ప్రభువు భార్య విరహం చెబుతుంటే ఆవులించింది. అందరూ నవ్విన చోట ఆవిడ నవ్వలేదు. పాపం, ఆవిడకి కాళ్ళు లాగుతున్నాయి, అంతే. నెవియోకి మాత్రం అది పంటి కింద రాయిలా తగిలింది. అంతమంది వింటున్నారన్న సంతోషం పోయి, ఆ ఒక్కరూ వినడం లేదన్న ఉక్రోషం మిగిలింది. మాళిగలో చూసుకుందాం అనుకున్నాడు.

మాళిగ మెట్లు దిగగానే ఉర్సులాని పిలిచాడు.

"మీరు నిలబడలేరమ్మా. ఇలా వచ్చి కూచోండి. నా కథకి ఇదే మంచి చోటు."

గోడ వారన, పలకరాయి కింద, జానెడు ఎత్తున ఒక రాతి అరుగు ఉంది. ఆవిడ దాని మీద కూచుని, కాళ్ళు చాపుకుని, హమ్మయ్య అంది. ఒక చెప్పు విడిచేసింది. మిగిలిన వాళ్ళు చుట్టూ నిలబడ్డారు.

నెవియో బల్బు ఆర్పాడు. కొవ్వొత్తి వెలిగించి గడ్డం దగ్గరికి ఎత్తాడు. కథ మొదలుపెట్టాడు.

కొంతసేపటికి ఉర్సులా వైపు చూశాడు. ఆవిడ ఆవులించడం లేదు. తల గోడకి ఆనించింది. కళ్ళు సగం మూసుకుంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నెవియో గుండె ఉప్పొంగింది. చిక్కింది, చివరికి నా కథకి చిక్కింది అనుకున్నాడు. త్వరగా ముగించాల్సిన కథని ఇంకా సాగదీశాడు. అన్న తమ్ముడి చెవిలో చెప్పిన మాటలు కల్పించాడు, ఎప్పుడూ పాడని పాట ఒకటి పాడించాడు. ఎవరో తలనొప్పిగా ఉందని గొణిగారు. అతను వినిపించుకోలేదు.

పై మెట్టు మీద ఫాదర్ సిల్వానోకి ఆ పాట వినిపించింది. కథ అంతసేపు సాగడం ఆయనకి నచ్చలేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. ముందు గడ్డం దగ్గర వెలుగుతున్న కొవ్వొత్తిని చూశాడు. తర్వాత అరుగు మీద మనిషిని చూశాడు.

ఆయన కేక వెయ్యలేదు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, నెవియో మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు. ఛాతీ దగ్గర మంట నిలకడగా ఉంది. నడుం దగ్గర చిన్నదైంది. మోకాలి దగ్గరికి రాకముందే, ఎవరో వేళ్ళతో నలిపినట్టు ఆరిపోయింది.

చిమ్మచీకటి. ఇదీ కథలో భాగమేననుకుని ఎవరో చప్పట్లు కొట్టారు.

"అందరూ పైకి నడవండి," అంది ఫాదర్ గొంతు. "నిటారుగా నడవండి. ఏది కిందపడినా వంగకండి."

బల్బు వేశాడు. అందరూ కదిలారు, ఉర్సులా కదల్లేదు. "అక్కా," అంటూ చెల్లెలు ఆవిడ మీదికి వంగబోయింది. ఫాదర్ ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. ఆమె పెనుగులాడింది. అక్క మొహం చూడనివ్వమని ఏడ్చింది. ఆయన వదల్లేదు.

"ఊపిరి బిగపట్టు," అన్నాడు నెవియోతో. "నువ్వే కూచోబెట్టావు. నువ్వే లేవదియ్యి."

నెవియో ఊపిరి బిగపట్టి వంగాడు. ఆవిడని ఎత్తి భుజాన వేసుకుని మెట్లెక్కాడు. అతను ఎంతమందినో కదలకుండా కట్టిపడేసినవాడు. ఆ వేళ ఒక్క మనిషి కదిలితే చాలని దేవుణ్ణి వేడుకున్నాడు.

అంబులెన్సు వచ్చి వెళ్ళింది. బస్సు వెళ్ళింది. బాగా పొద్దుపోయాక ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఉర్సులాకి ఊపిరి నిలబడింది, కళ్ళు తెరిచింది. పక్కన కూచున్న చెల్లెల్ని చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగిందట. అది తగ్గుతుందో లేదో డాక్టర్లు చెప్పలేమన్నారట.

ఫాదర్ సిల్వానో మాళిగ తలుపులు తెరిచి, పై మెట్టు మీద కూచుని ఉన్నాడు. నెవియో వచ్చి ఆయన ముందు మోకరిల్లాడు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"నన్ను మఠం నుంచి పంపించేయండి ఫాదర్."

ఫాదర్ పక్కనున్న కొవ్వొత్తి వెలిగించి అతని చేతికిచ్చాడు.

"ఆవిడ చెప్పు ఒకటి కింద ఉండిపోయింది. తీసుకురా."

నెవియో నడుం వంచాడు. కొవ్వొత్తి మోకాలి దగ్గర పట్టుకుని దిగాడు. సగం మెట్లలో మంట ఆరిపోయింది. అతను ఆగిపోయాడు. బల్బు వెలుగులో అరుగు పక్కన చెప్పు కనిపిస్తూనే ఉంది. కాసేపు దాన్ని చూస్తూ నిలబడి, వట్టి చేతులతో వెనక్కి వచ్చాడు.

"మంచిది," అన్నాడు ఫాదర్. "గాలి మారనీ. రేపు తీద్దాం."

నెవియో ఆయన కింది మెట్టు మీద కూచున్నాడు. ఆరిపోయిన కొవ్వొత్తి చేతిలోనే ఉంది. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అడగని మాట అప్పుడు అడిగాడు.

"ఆ అన్నదమ్ములు ఎలా పోయారు ఫాదర్?"

"బెర్తో తొట్టి కలియబెట్టడానికి దిగాడు. ఎంతకీ పైకి రాలేదు. అన్నని వెతుక్కుంటూ జిల్దో దిగాడు. కొవ్వొత్తి పట్టుకునే దిగాడు. కానీ పైకెత్తి పట్టుకున్నాడు. పైన ఉన్నవాళ్ళకి ఆ వెలుగు చాలాసేపు కనిపించింది. అన్న కనిపించాడు, లేవదీద్దామని వంగాడు. అంతే."

"అతనికి తెలియదా, కిందికి పట్టుకోవాలని?"

"ఇక్కడే పుట్టి పెరిగినవాడు. తెలియకేం."

"మరి ఎందుకు ఎత్తాడు?"

"చీకట్లో అన్న మొహం కోసం."

ఫాదర్ సిల్వానో గోడ పట్టుకుని లేచాడు. వెళ్ళబోతూ, శిష్యుడి తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగానే ఉంది, కోపంగా మాత్రం లేదు.

"నువ్వు ఎవరి మొహం కోసం ఎత్తావు నాయనా?"