ముప్పై సెకన్ల కూత

వకుళ ప్రోగ్రాం రాసిన చేతిగడియారం టైమ్ తప్పింది. అదీ జనగామలో, మూడు వందల మంది చూస్తుండగా.

కబడ్డీ రిఫరీల కోసం తయారైన డిజిటల్ గడియారం అది. రెండు బటన్లు. ఒకటి నొక్కితే కూత సమయం మొదలై ముప్పై సెకన్లకు గంట కొడుతుంది. రెండోది నొక్కితే జట్టుకు ఒక పాయింటు చేరుతుంది.

ఆ రోజు మాల్సూర్ అనే ఆటగాడు కూతకు వెళ్లి బోనస్ గీత దాటాడు. రిఫరీ ఎల్లాగౌడ్ పాయింటు బటన్ నొక్కాడు. గడియారం కీచుమంది, మెరిసింది, పాయింట్లు చూపించింది. ఒక్కసారి నొక్కితే నాలుగు పాయింట్లు ఎక్కాయి. ఆ హడావిడి సాగినంతసేపూ అది సెకన్లు లెక్కపెట్టడం మానేసింది.

విజిల్ పడేదాకా వెనక్కి తిరగడం మాల్సూర్‌కు అలవాటు లేదు. కబడ్డీ కబడ్డీ అంటూనే ఉన్నాడు. ముప్పై దాటింది. నలభై దాటింది. కూత "కబ్... కబ్..." దాకా వచ్చింది. చివరికి గీత మీదే కూలబడ్డాడు. నీళ్లు తాగించాక కళ్లు తెరిచి అడిగాడు.

"సార్, ఇయ్యాల ముప్పై ఎప్పుడైతది?"

నాలుగు పాయింట్లు వచ్చిన జట్టు కెప్టెన్ మాత్రం గడియారాన్ని చాలా మెచ్చుకున్నాడు.

ఎల్లాగౌడ్ దాన్ని విప్పి వకుళ చేతిలో పెట్టాడు. "వచ్చే ఆదివారం జిల్లా సెలక్షన్లున్నయ్ బిడ్డా. గప్పటికి సక్కగ జేస్తే నలభై గడియారాలు తీస్కుంటం. లేకుంటే నా పాత స్టాప్‌వాచే నాకు మేలు."

వకుళ మౌలాలికి తిరిగి వచ్చింది. అక్కడి రెండు గదుల వర్క్‌షాపు జలాలుద్దీన్‌ది. గడియారాల చిప్పులకు ప్రోగ్రాములు రాయడంలోనే ఆయన జుట్టు తెల్లబడింది. అందరూ ఉస్తాద్ అంటారు. పని నేర్చుకోవడానికి వచ్చి ఏడాదైన వకుళ కూడా అలాగే పిలుస్తుంది.

"తప్పు నా ప్రోగ్రాంది కాదు ఉస్తాద్," అంది వకుళ. "బటన్ నొక్కారో లేదో, చేతిలో పని వదిలేసి అటు పరుగెత్తుతుంది. శబ్దం, మెరుపు, పాయింటు, అన్నీ ముగించాకే వెనక్కి వస్తుంది. ఒక్క పనీ తర్వాత చూద్దామని పక్కన పెట్టదు. అంతకంటే బుద్ధిమంతురాలు ఎక్కడుంటుంది? సెకన్లు కొట్టే క్రిస్టలే నాసిరకం. మారుద్దాం."

 ఉస్తాద్ ఆమె చేతికి చాక్‌పీసు ఇచ్చాడు.

"ఆ గోడగడియారం టిక్కుమన్నప్పుడల్లా బోర్డు మీద ఒక గీత గియ్యి. తలుపు బెల్లు మోగితే మాత్రం నీ ప్రోగ్రాం ఏం చేస్తుందో అదే చెయ్యి."

బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

వకుళ తొమ్మిది గీతలు గీసింది. బెల్లు మోగింది. పరుగెత్తి తలుపు తీసింది. ఉస్తాద్ టోపీ సర్దుకుని కొత్తమనిషిలా నిలబడి ఉన్నాడు.

"సలామ్. జలాలుద్దీన్ సాబ్ ఉన్నారా?"

"మీరే కదా ఉస్తాద్!"

"వచ్చినవాణ్ని గుమ్మంలోనే నిలబెడతావా బేటీ?"

కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. ఆయన వకుళ వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. ఏ నూనె రాస్తున్నారో, ఎన్ని పూటలు రాస్తున్నారో కనుక్కుని సెలవు తీసుకున్నాడు.

ఇంకో నాలుగు గీతలు. మళ్లీ బెల్లు. ఆయన వేలు పెద్దవయసుది, వణుకుతుంది. ఒక్కసారి నొక్కితేనే ట్రిం-ట్రిం-ట్రిం-ట్రింగ్ అని మోగింది.

"ఎన్నిసార్లు మోగింది?" గుమ్మంలోంచే అడిగాడు.

"నాలుగు."

"నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

 వకుళ లోపలికి వెళ్లి నాలుగు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఉస్తాద్ నాలుగూ తాగాడు. నాలుగోదానితో మాత్రం కాస్త పోరాడాల్సి వచ్చింది.

అప్పటికి అయిదు నిమిషాలు గడిచాయి. మూడు వందల గీతలు ఉండాల్సిన బోర్డు మీద పదమూడు ఉన్నాయి.

"గోడగడియారానికి కూడా క్రిస్టల్ మార్చాలేమో," అన్నాడు ఉస్తాద్.

తర్వాత ఆమెను బయటికి పంపి చాక్‌పీసు తను తీసుకున్నాడు.

వకుళకు కోపంగా ఉంది. బెల్లును వరసగా ఆరుసార్లు నొక్కింది. తలుపు తెరుచుకోలేదు. పక్కనే ఉన్న కిటికీలోంచి తొంగిచూసింది.

ఉస్తాద్ కుడిచెయ్యి టిక్కు టిక్కుకీ గీత గీస్తూనే ఉంది. ఎడమచెయ్యి గుర్తుగా ఒక చిన్న మరమేకును పళ్లెంలో వేసింది. ఆరు కాదు, ఒక్కటే.

తర్వాత, గీతకూ గీతకూ మధ్య, ఆయన గ్లాసు అందుకున్నాడు. ఒక గీత. కూజా వంచి నీళ్లు పోశాడు. ఒక గీత. కిటికీలోంచి ఆమెకు గ్లాసు అందించాడు. ఒక గీత. పళ్లెంలోని మరమేకును తీసి జేబులో వేసుకున్నాడు.

చుక్క ఒలకలేదు. ఒక్క టిక్కూ తప్పలేదు.

వకుళ ఎండలో నిలబడే నీళ్లు తాగింది. లోపలికి వచ్చి ప్రోగ్రాం తెరిచింది. బటన్ నొక్కగానే నడిచే నలభై వరసలు చెరిపి ఒక్కటే ఉంచింది. ఎవరో పిలిచారని గుర్తు పెట్టుకునే వరస అది. మిగతా పనులన్నీ సెకన్ల లెక్క మధ్య దొరికే ఖాళీలోకి జరిపింది. ఒక పిలుపు వినగానే, వేలి వణుకు తగ్గేదాకా అదే బటన్ మాట మళ్లీ వినొద్దని రాసింది.

ఆదివారం మాల్సూర్ మళ్లీ కూతకు వెళ్లాడు. కంగారులో ఎల్లాగౌడ్ బటన్‌ను గట్టిగా అదిమాడు. ఒకే పాయింటు ఎక్కింది. సరిగ్గా ముప్పైకి విజిల్ పడింది. మాల్సూర్‌కు ఇంకా సగం ఊపిరి మిగిలే ఉంది. గడియారాన్ని అనుమానంగా చూశాడు.

ఎల్లాగౌడ్ అన్నమాట ప్రకారం నలభై గడియారాలూ తీసుకున్నాడు.

సోమవారం వకుళ ఉస్తాద్ బల్ల దగ్గరికి వచ్చింది. సంతోషంగానే ఉంది కానీ, మనసులో ఒక ముల్లు మిగిలిపోయింది.

"ఇంత చిన్న సంగతి ముందే చెప్పొచ్చు కదా ఉస్తాద్. మొదటిసారే జనగామలో పరువు దక్కేది."

"చెప్పాలనే చూశాను బేటీ," అన్నాడు ఉస్తాద్. "నువ్వు ప్రోగ్రాం రాసేటప్పుడు మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి నేను..."

"ఎప్పుడు మొదలుపెట్టారు? నాకు గుర్తే లేదు! అసలు ఆ రోజుల్లో మీరు..."

ఉస్తాద్ మాట ఆపేసి, చేతులు కట్టుకుని, ఓపికగా ఆమె వంక చూస్తూ కూర్చున్నాడు.

వకుళ నాలుక కరుచుకుంది.

"ఇది నాలుగోసారి," అన్నాడు ఉస్తాద్.