ధవళుడి బిడ్డలు

అనగనగా, ఆ నందీశ్వరుడి చల్లని చూపు పడిన ఒక ఏటి ఒడ్డున యలమందయ్య అనే రైతు ఉండేవాడు. దగ్గరికి జరిగి కూర్చోండి నాయనలారా, కథ చిన్నదే గాని బరువైనది.

యలమందయ్య దొడ్లో ధవళుడనే కోడె ఉంది. పాలనురుగు లాంటి ఒళ్లు, గోపురం లాంటి మూపురం. అది తిరునాళ్లలో నడిచొస్తుంటే జనం పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టేవారు. దాని దూడ కావాలంటే ఎంతటివాడైనా ముందుగా చెప్పుకోవలసిందే.

దూడను అమ్మేటప్పుడు యలమందయ్య దాని మెడలోని పలుపు విప్పి తనే ఉంచుకునేవాడు. పలుపుతో పాటు దొడ్డి లక్ష్మి కూడా వెళ్లిపోతుందని అక్కడి నమ్మకం. గోడకు వేలాడే ఆ పలుపులు చూసి మురిసిపోయేవాడే గాని, దూడలు వెళ్లిన ఇళ్లకు మాత్రం ఏనాడూ వెళ్లి చూడలేదు.

ఒకనాడు రాజుగారి కబురు వచ్చింది. "వచ్చే పున్నమికి ధవళుడికి త్రిశూలం అచ్చు వేసి, దేవుడి ఆబోతుగా వదులుతాం. దేశంలోని ఆవుల మందలన్నిటికీ ఇక అదే."

ఇల్లాలు నవ్వింది. "కోడెకే ఇంత వైభోగమైతే, పెంచిన మారాజుకు పల్లకీ రాదూ?"

"రానీవే, నువ్వూ ఎక్కుదువుగాని" అంటూ యలమందయ్య కొత్త పంచె కట్టాడు. ధవళుడి బిడ్డలను కొన్నవాళ్లను ఆ వేడుకకు పిలవాలని బయలుదేరాడు.

మొదట ఎగువ ఊళ్లో గురవయ్య పొలానికి వెళ్లాడు. ధవళుడి కొడుకు నాగలి లాగుతోంది. నాలుగడుగులు వేసేసరికి దాని వెనక కాలు కర్రలా బిగుసుకుపోయి, వెనక్కి ఈడ్చుకుపోయి, ఆపైన ఒక్క విదిలింపుతో ముందుకు పడింది.

"ఏమిటి గురవయ్యా ఇది?"

"మా నల్లరేగడి పాపం మామా! బంక మట్టి, కాలు పీకేస్తది. నీ గిత్తకేం, బంగారం."

యలమందయ్య తల ఊపి ముందుకు సాగాడు. రెండో ఊరు ఇసుక నేల. అక్కడ చెంచయ్య ఇంటి ఎద్దుకూ అదే కాలు, అదే బిగుపు.

"తప్పు నాదే పెద్దయ్యా" అన్నాడు చెంచయ్య చేతులు నలుపుకుంటూ. "లేత వయసులో కాడి వేశాను. నీ దొడ్డి పేరు చెడగొట్టాను."

యలమందయ్య వంగి ఆ ఎద్దు కాలు తడిమి చూశాడు. నేల మారినా కుంటు మారలేదేమని అనుకుంటూ కదిలాడు.

మూడో ఊళ్లో మాణిక్యమ్మ గుమ్మం ముందు బాడుగ బండి నిలిచి ఉంది. ఆమె కోడలు ముత్యాలు బట్టల మూటతో తల వంచుకు నిలబడింది. దొడ్లో ధవళుడి కొడుకు కాలు ఈడుస్తోంది.

"చూడన్నా!" అంది మాణిక్యమ్మ. "ఈ మహాతల్లి మా గడప తొక్కిన వారానికే ఎద్దు కాలు పడిపోయింది. అంతటి కోడె బిడ్డకు లోపం ఎట్లా వస్తుంది? దీని పాదం అట్లాంటిది. పుట్టింటికి పంపేస్తున్నా."

యలమందయ్య వేడుకకు రమ్మని ఒక్క మాట చెప్పి గబగబా బయటపడ్డాడు. ఊరి పొలిమేరలో ఆగిపోయాడు. ఈ నిజం నోరు దాటితే ధవళుడికి అచ్చు లేదు, తనకు పేరు లేదు. దాటకపోతే ఆ పిల్లకు కాపురం లేదు.

"శివా! ఎద్దు నాది, ఏడుపు ఆమెదా?" అనుకుని వెనక్కి తిరిగాడు.

"బండి ఆపించు చెల్లెమ్మా. లోపం ఈ పిల్ల పాదంలో లేదు. నా కోడె నెత్తుటిలో ఉంది."

మాణిక్యమ్మ నమ్మలేదు. "జాలిపడి అంటున్నావా అన్నా?"

"పున్నమినాడు రాజుగారి ముందూ ఇదే అంటాను. వచ్చి విను. అప్పటిదాకా ఆ మూట దించనీ."

పున్నమి వచ్చింది. నిప్పుల్లో త్రిశూలం అచ్చు ఎర్రగా కాగుతోంది. పూలదండల మధ్య ధవళుడు కొండలా నిలబడింది. యలమందయ్య చేతులు జోడించి దానికి అడ్డంగా నిలిచాడు.

"వద్దు ప్రభూ. దీని బిడ్డలు కాడి మోసే వయసుకు వచ్చి కుంటుతున్నాయి."

మంత్రి ఎకసెక్కంగా నవ్వాడు. "నా కోడె సాక్షాత్తూ నందీశ్వరుడే అని తిరునాళ్లలో చాటింది నువ్వు కాదూ?"

"నేనే స్వామీ. నా దొడ్లో దీన్ని చూసి చాటాను. పరుల పొలాల్లో దీని బిడ్డలను చూడలేదు. ఇప్పుడు వెళ్లి చూసిన మూడింటికీ తల్లులు వేరు, నేలలు వేరు, మేత వేరు. తండ్రి ఒక్కటే. ఇన్నాళ్లూ నా లోపానికి వాళ్లు తమనో తమవాళ్లనో నిందించుకున్నారు."

రాజు కోడె వైపు చూశాడు. ఆపమని చెయ్యి ఎత్తాడు. ఎర్రటి అచ్చును నీళ్లలో ముంచారు. అది సుయ్యిమంది. మాణిక్యమ్మ జనంలోనే ముత్యాలును దగ్గరికి తీసుకుని కన్నీళ్లు పెట్టుకుంది.

ధవళుడు ఆబోతు కాలేదు. కాడి కింద ఎద్దయింది. ఆ మూడిళ్లకూ యలమందయ్య వేరే కోడె బిడ్డలను తోలించాడు. ఆపైన చాలాకాలం ఆయన దొడ్డి వైపు ఎవరూ రాలేదు. అయినా ఆయన ఏటా ఊరూరా తిరిగి, తన దూడల నడక చూసి వచ్చేవాడు.

కొన్నేళ్లకు రాజు మళ్లీ ఒక ఆబోతును ఎంచాలనుకున్నాడు. దేశంలో ఇంతమంది ఉండగా యలమందయ్యనే పిలిపించాడు. కోడెలన్నీ వరసగా అలంకరించి ఉన్నాయి. "ఏది ఎంచమంటావు?" అన్నాడు రాజు.

"వీటిని తర్వాత చూద్దాం ప్రభూ. ముందు వీటి బిడ్డలు దున్నే పొలాలకు పదండి."

రాజు చెప్పులు తొడుక్కుని ఆయన వెంట నడిచాడు. నాటి నుంచి ఆ దేశంలో బిడ్డలను చూడనిదే ఏ కోడెకూ అచ్చు వేయలేదు.

కాబట్టి నాయనలారా, మన చేతి పని మంచిదో కాదో మన వాకిట్లో తేలదు, అది చేరిన పరాయి వాకిట్లో తేలుతుంది. అక్కడ లోపం కనబడితే నాదేనని ఒప్పుకున్నవాడినే లోకం చివరకు నమ్ముతుంది.