డమారిస్ నిశానీ

అడీలా థార్న్‌బరీకి ఒకటే దిగులు. మూడేళ్ళు కష్టపడి తమ వంశచరిత్ర రాసింది. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. గురువు ఒక్కడే ఒక్కసారి కూడా "బాగుంది" అనలేదు. ఏం చూపించినా "చూద్దాం" అనేవాడు.

గురువంటే గడ్డం పెంచుకుని గుహలో కూర్చున్నవాడు కాదు. పేరు మైకా యార్నల్. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో, ఆల్డర్ క్రీక్ జిల్లా కోర్టు కింది గదిలో కూర్చునేవాడు. చిరిగిన దస్తావేజులకు పల్చటి గుడ్డ అంటించడం, ఊడిపోయిన రిజిస్టర్లు కుట్టడం ఆయన పని. ఎనభై దాటినా చెయ్యి వణికేది కాదు.

ఆయన క్వేకరు. క్రైస్తవుల్లో వాళ్ళదో దారి. ప్రార్థనకు చేరితే ఉపన్యాసాలుండవు, అందరూ మౌనంగా కూర్చుంటారు. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనే మాట వాళ్ళకు గిట్టదు. యార్నల్ మరీ పాతకాలం మనిషి కావడంతో మర్యాదకని ఎవరి ముందూ టోపీ తీసేవాడు కాదు, జడ్జినైనా "నువ్వు" అనే అనేవాడు. మొదట్లో జడ్జీలు ముఖం చిట్లించుకున్నారు. తర్వాత వాళ్ళే అలవాటు పడ్డారు.

తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్ళు ఆయన దగ్గరికి చేరేవారు. ఆ దేశంలో తొలిరోజుల్లో పుట్టినవాళ్ళ పేర్లు రాసిపెట్టే దిక్కు లేదు. మనిషి పుట్టాడనడానికి ఆధారం దొరకదు గానీ, పొలం కొన్నాడనడానికి దొరుకుతుంది. ఎవరికి ఏ చెలక రాసిచ్చాడో వీలునామాలో ఉంటుంది. పొలం వెంట నడుచుకుంటూ పోతే మనుషులు తగులుతారు. ఆయన నేర్పేది ఇదే, అదీ నాలుగు ముక్కల్లో.

అడీలా బడిలో చరిత్ర చెప్పే టీచరు. నలభై రెండేళ్ళు. చురుకైన మనిషి, ఆ సంగతి తనకు బాగా తెలిసిన మనిషి కూడా. వాళ్ళ వంశానికి మూలపురుషుడు కెప్టెన్ సైలస్ థార్న్‌బరీ. ఆ లోయలో మొదట గుడిసె వేసుకుని, చివరికి రెండు వేల ఎకరాలకు యజమాని అయినవాడు. దొరికిన దస్తావేజులు, వీలునామాలు వరసగా పేర్చి, ఆయన దగ్గర్నుంచి తనదాకా ఒక్క మెట్టు కూడా తప్పకుండా తేల్చింది అడీలా.

వచ్చే ఆదివారం కెప్టెన్‌కు స్మారకశిల నిలబెడుతున్నారు. చుట్టపక్కాలు రెండు వందల మంది వస్తారు. సభలో మాట్లాడేది అడీలాయే, శిల మీది మాటలూ అడీలావే. రాయి చెక్కే అతను పేరు, తేదీలు చెక్కేశాడు. చివరి వాక్యం ఒక్కటే మిగిలింది. శుక్రవారం నాలుగింటికి పెదనాన్న రోడరిక్ ఫోన్ చేస్తాడు. అడీలా సరేనంటే అదీ చెక్కేస్తారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి పుస్తకం రాతప్రతి తెచ్చి గురువు బల్ల మీద పెట్టింది.

"యార్నల్ గారూ, పని పూర్తయింది. ఇవాళైనా చెప్పండి, ఏమన్నా లోటుందా?"

ఆయన పుస్తకం తెరవలేదు. పైన పెట్టిన చీటీ చదివాడు. శిల మీద చెక్కాల్సిన వాక్యం అందులో ఉంది.

"అక్షరం రాని భార్య డమారిస్‌కు కన్నూ చెయ్యీ తానే అయిన ఉత్తమ భర్త."

"ఈమెకు అక్షరం రాదని ఎవరు చెప్పారు?" అన్నాడాయన.

"ఆవిడే చెప్పిందండీ. పదకొండు దస్తావేజుల్లో ఆవిడ పేరుంది. ఒక్కదాంట్లో కూడా సంతకం లేదు, అన్నిట్లోనూ నిశానీయే. ఇంటూ గుర్తు. 'డమారిస్ థార్న్‌బరీ, ఆమె నిశానీ' అని పక్కనే రాసి ఉంది."

"రిజిస్టరులో చూశావా, అసలు కాగితాల్లో చూశావా?"

"రిజిస్టరులోనే. రెండూ ఒకటేగా? గుమాస్తా అసలు చూసే కదా ఎక్కించాడు. ఆ రేకు పెట్టెల్లో ఏడాదికో కట్ట ఉందే గానీ, లోపలి కాగితాలకు ఓ వరసంటూ లేదు. అవి తిరగేయాలంటే ఇంకో మూడేళ్ళు పడుతుంది."

ఇలాంటి చోట వేరే గురువైతే గంటసేపు నీతి చెప్పేవాడు. యార్నల్ లేచి, కాగితాలకు అంటించే గుడ్డ జానెడు వెడల్పున చింపాడు. బల్ల మీది చెక్క స్కేలు తీశాడు.

"కుడిచెయ్యి ఇలా పెట్టు."

"దేనికండీ?"

"పెట్టు."

అడీలా చెయ్యి చాచింది. ఆయన ఆ స్కేలు మణికట్టు మీద నుంచి వేళ్ళ దాకా ఆనించి, గుడ్డతో బిగించి కట్టేశాడు. ముడి వేశాడు. తెల్లకాగితం ముందుకు తోసి, కలం అందించాడు.

"సంతకం పెట్టు."

ముసలాయనకు మతి గానీ పోలేదు కదా అనుకుంది. అయినా కలం ఎడమచేత్తో పట్టుకుంది. మొదటి అక్షరమే పక్కకు ఒరిగిపోయింది. రెండోది కాగితం దాటబోయింది. విసుగొచ్చింది.

"ఇది నా వల్ల కాదండీ. దీనికంటే ఓ గీత అటూ, ఓ గీత ఇటూ కొట్టడం నయం."

"కొట్టు."

కొట్టింది. ఇంటూ గుర్తు పడింది. ఆయన కలం తీసుకుని, దాని పక్కనే పాత గుమాస్తాల గుండ్రటి చేతిరాతతో రాశాడు. "అడీలా థార్న్‌బరీ, ఆమె నిశానీ." కింద ఆనాటి తేదీ వేశాడు.

అడీలా నవ్వింది. "బాగుంది. రెండు వందల ఏళ్ళ తర్వాత ఎవరో ఇది చూసి, పాపం ఈవిడకు అక్షరం ముక్క..."

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"పదిహేడు వందల అరవై ఆరు కట్ట తియ్యి," అన్నాడు గురువు.

"ముందు ఈ కట్టు విప్పండి."

"దాంతోనే తియ్యి."

గోడవార రేకు పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్క చేత్తో పెట్టె కిందికి దించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మూతతో కాసేపు కుస్తీ, కట్ట తాడుతో ఇంకాసేపు కుస్తీ. ఏ కాగితం తియ్యాలో ఆయన చెప్పలేదు. ఒక్కొక్కటే ఎడమచేత్తో విప్పుతూ పోయింది. పదో కాగితమో, పన్నెండోదో డమారిస్‌ది.

ఇక్కడ ఆ కాలపు పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన పొలాన్ని భర్త తనంతట తాను అమ్మడానికి లేదు. ఇద్దరు జడ్జీలు ఇంటికి రావాలి. భర్తను బయటికి పంపించి, ఆమెను ఒంటరిగా ఉంచి, "నీకిది ఇష్టమేనా?" అని అడగాలి. ఆమె ఔనంటేనే అమ్మకం చెల్లుతుంది. అడీలాకు ఈ సంగతి కొత్త కాదు. ఆడవాళ్ళను మనవాళ్ళు ఎంత గౌరవించేవారో చూడండని పుస్తకంలో రెండు పేజీలు రాసింది.

డమారిస్‌కు పుట్టింటి నుంచి వచ్చింది వాగు ఒడ్డున పిండిమర, దాన్ని ఆనుకుని మూడు వందల ఎకరాలు. అది అమ్మగా వచ్చిన సొమ్ముతోనే కెప్టెన్ రెండు వేల ఎకరాల వాడయ్యాడు.

చేతిలో ఉన్న కాగితం ఏప్రిల్ తొమ్మిదో తేదీది. జడ్జీలు కింద ఇలా రాశారు. "భర్తను బయటికి పంపి అడిగాము. ఇష్టం లేదని చెప్పింది. ఆ మాటే తన చేత్తో రాసిచ్చింది."

దాని కింద వేరే చేతిరాత ఉంది.

"ఇది మా నాన్న నాకిచ్చిన మర. అమ్మడం నాకు ఇష్టం లేదు. డమారిస్ థార్న్‌బరీ."

గుండ్రంగా, పొందికగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి అక్షరాలు. బళ్ళో పాఠాలు చెప్పే అడీలా రాత కూడా అంత బాగుండదు.

"ఆవిడకు రాయడం వచ్చు!" అని అరిచేసింది. ఆ క్షణంలో ఆమెకు కలిగింది సంతోషమే. మూడేళ్ళు వెతికిన మనిషి కదా, కొత్త కాగితం దొరికితే ఒళ్ళు తెలియదు. అమ్మకం జరగలేదు గనక గుమాస్తా దీన్ని రిజిస్టరులోకి ఎక్కించనే లేదు, అందుకే తన కంట పడలేదని కూడా అప్పుడే అర్థమైంది.

దాని వెనకే ఇంకో కాగితం అంటుకుని ఉంది. జూన్ రెండో తేదీ. మొదటిదానికీ దీనికీ నిండా ఎనిమిది వారాలు లేవు. అదే పిండిమర, ఆ జడ్జీలే. సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు. ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి, మధ్యలో సిరా మరక.

"భర్తను పెరట్లోకి పంపాము. ఆమె కుడిచేతికి బద్దలు వేసి కట్టు కట్టి ఉంది. మెట్ల మీద పడ్డానని చెప్పింది. ఎడమచేత్తో నిశానీ వేసింది. అమ్మకం ఇష్టమేనా అని మూడుసార్లు అడిగాము. ఇష్టమేనని చెప్పింది."

ఈ కాగితం రిజిస్టరులోకి ఎక్కింది. ఇష్టపూర్వకంగా అమ్మింది, ఆమె నిశానీ. గుమాస్తా రాసుకున్నది ఆ రెండు ముక్కలే. మధ్యలోవన్నీ వదిలేశాడు.

అడీలా కాగితం మీద ఉన్న తన చేతిని చూసుకుంది. తెల్లగుడ్డ, లోపల చెక్క. కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూలబడింది.

"ఆఖరి దస్తావేజు పదిహేడు వందల తొంభై నాలుగోది," అంది. "ఇరవై ఎనిమిదేళ్ళు, యార్నల్ గారూ. ఇరవై ఎనిమిదేళ్ళూ నిశానీయే. ఆ చెయ్యి మళ్ళీ బాగుపడలేదు."

"అది నాకు తెలియదు. కాగితంలో ఉన్నదే నాకు తెలిసింది."

"మీకు ముందే తెలుసు!" ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక ఆయన మీద వచ్చింది.

"ముప్ఫై ఏళ్ళ కిందట ఆ కాగితానికి గుడ్డ అంటించింది నేనే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను నమ్మేదానివి, కాగితాన్ని కాదు."

ఇంతలో గోడ మీది ఫోన్ మోగింది. నాలుగు ఇంకా కాలేదు. రోడరిక్ పెదనాన్నకు ఆత్రం ఎక్కువ.

"అమ్మడూ, రాయి చెక్కే అతను నా నెత్తిన కూర్చున్నాడు. సరే అని చెప్పెయ్యనా?"

అడీలా చెప్పింది. రెండు కాగితాల్లోనూ ఉన్నది అక్షరం పొల్లుపోకుండా చదివింది. అంతా విన్నాక పెదనాన్న అడిగాడు.

"మెట్ల మీద పడ్డానని ఆవిడే చెప్పిందిగా?"

"చెప్పింది."

"ఇష్టమే అని కూడా చెప్పిందిగా?"

"చెప్పింది."

"మరింకేం? ఎదురుగా నిలబడి చూసిన జడ్జీలకు రాని అనుమానం నీకెందుకమ్మా? రెండు వందల మంది బయల్దేరి వస్తున్నారు. ఆ మర అమ్మబట్టే కదా మనమందరం ఇలా ఉన్నాం. మీ నాన్న చదువుకూ నీ చదువుకూ ఆ సొమ్ముతో కొన్న పొలమేగా ఆధారం?" పెదనాన్న కఠినుడేం కాదు. గొంతులో బతిమాలడం కూడా ఉంది. "నువ్వు సరే అను. లేదంటావా, ఆదివారం మాట్లాడ్డానికి ఇంకొకరిని చూసుకుంటాం. పుస్తకం అచ్చు ఖర్చు కూడా నేను పెట్టుకోను. చెప్పు, నీకు ఇష్టమేనా కాదా?"

అడీలా గురువు వైపు చూసింది. ఏదో ఒకటి చెబుతాడేమోనని ఆశ.

యార్నల్ కుర్చీలోంచి లేచాడు. ఆమె ముఖం వైపు చూడకుండా నడుచుకుంటూ బయటి వరండాలోకి వెళ్ళాడు. తలుపు దగ్గరికి లాగాడు.

గదిలో అడీలా ఒక్కతే మిగిలింది. భయం వేసింది. మూడేళ్ళ పని, మంచి పేరు, చుట్టాల మధ్య చోటు, అన్నీ ఆ ఫోన్ తీగకు వేలాడుతున్నట్టు అనిపించింది. పెదనాన్న "ఊఁ?" అంటున్నాడు.

"ఆ మాట రాయి మీద చెక్కడానికి నేను ఒప్పుకోను, పెదనాన్నా."

"బాగా ఆలోచించుకున్నావా?"

"లేదు. ఆలోచిస్తే సరే అనేస్తానేమోనని భయంగా ఉంది."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

యార్నల్ లోపలికి వచ్చేసరికి అడీలా బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ఆయన ఏమయిందని అడగలేదు. తన చోట కూర్చుని ఒక చిరిగిన వీలునామా ముందుకు లాక్కున్నాడు. గుడ్డ కొలిచి, కత్తిరించి, జిగురు రాశాడు. ఆమె ఏడుపు దానంతట అదే తగ్గింది.

జూన్ నాటి కాగితాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివింది. తర్వాత మెల్లగా తలెత్తింది.

"యార్నల్ గారూ, చట్టం ప్రకారం ఒక్కసారి అడిగితే చాలు కదా. జడ్జీలు మూడుసార్లు ఎందుకు అడిగారు?"

ఆయన జిగురు కుంచె పక్కన పెట్టాడు.

"మొదటిసారి అడిగినప్పుడే నిజం వాళ్ళకు తెలిసిపోయింది గనక."